శ్రామిక గేయాలు – శ్రమ విస్మృతి: ఒక పునఃపరిశీలన

పాట శ్రమను మరపిస్తుందన్న మాట తెలుగు జానపద గేయ విమర్శలో దాదాపు సూత్రంగా స్థిరపడింది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) తర్వాత ఈ రంగంలో సేకరణ, వర్గీకరణ విస్తరించినంతగా ఈ సూత్రంపై పరిశీలన విస్తరించలేదు. గట్టు మీద నిలబడి విన్నవారికి అది సహజంగానే తోచే మాట. మడిలో వంగిన నడుముకు నొప్పి తెలియలేదని అంగీకరించడానికి గేయాలే అడ్డుపడతాయి. ఎండ, చాలని కూలి, అత్తింటి ఆరళ్ళు వాటిలో దాపరికం లేకుండా వినిపిస్తాయి. మరవవలసినదాన్నే పదేపదే పాడుకోవడంలోని ఆంతర్యమేమిటన్నది విమర్శ వేసుకోవలసిన ప్రశ్న.

ఒత్తిడిని మనిషి తట్టుకునే తీరును రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984 నాటి గ్రంథంలో రెండు విధాలుగా వివరించారు: సమస్యను మార్చజూడడం ఒకటి, సమస్య రేపిన ఉద్వేగాన్ని సంబాళించుకోవడం రెండవది. రెండూ కలిసి సాగవచ్చని వారూ గుర్తించారు. అయినా వారి పరిశీలనకు కేంద్రం వ్యక్తి. నేటి కార్యాలయాల్లో జరిగే ఒత్తిడి నివారణ శిక్షణలూ ఆ దారినే నడుస్తాయి. శ్వాస, ధ్యానం, సమయపాలన అన్నీ ఒంటరి ఉద్యోగికి చెప్పే మాటలే. నాట్లు వేసే వరుసకు ఈ నమూనా సరిపోదు.

దంపుడు పాటలో లయ ముందుగా పనిముట్టు. ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు దంచేటప్పుడు లయ తప్పితే రోకలి రోకలికి తగులుతుంది. కార్ల్ బ్యూషర్ 1896లో శ్రమకూ లయకూ గల సంబంధంపై వెలువరించిన గ్రంథం ఈ పార్శ్వాన్ని విపులంగా చర్చించింది. తిరగలి పాట వేరు. తెల్లవారుజామున ఇల్లు నిద్రలో ఉండగా ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య అది సాగుతుంది. చెవి ఒగ్గేవారు లేరు గనుక కష్టం కథగా నిడుపు పొందగలదు. ఊడుపు పాటకు ఆ ఏకాంతం లేదు. ఒకరు ఎత్తుకోగా వరుస అందుకుంటుంది. గట్టు మీద ఆసామి వింటుంటాడు. పాటతో పని జోరందుకుంటే లాభం అతనిది. కూలీల పాటను ఆసామి మెచ్చుకోవడంలో రసికత ఒక్కటే ఉందనుకోవడం అమాయకత్వం. అయితే పనివేగాన్ని పాడేవారి గొంతుకు అప్పగించేదీ ఆ పాటే. పల్లవిని నిదానించి, వెనకబడిన మనిషిని వరుసలో కలుపుకునే వెసులుబాటు అందులో ఉంది. నేరుగా అనలేని మాటను పాటగా అనే చనువునూ సంప్రదాయం ఇచ్చింది. పెత్తనం చెవిన పడుతూనే పట్టుబడని ఇటువంటి మాటను జేమ్స్ స్కాట్ 1990లో ప్రతిఘటన రూపంగా నిరూపించాడు. సమస్యను మార్చడం, ఉద్వేగాన్ని సంబాళించుకోవడం ఇక్కడ ఒకే చరణంలో జరుగుతాయి.

ఈ చనువు అందరిదీ ఒకటి కాదు. స్త్రీల రామాయణపు పాటల్లో బ్రాహ్మణ, బ్రాహ్మణేతర స్త్రీల దృక్పథాల భేదాన్ని వెల్చేరు నారాయణరావు 1991 నాటి వ్యాసంలో చూపారు. శ్రామిక గేయాలకూ ఆ దృష్టి అవసరం. సొంత ఇంటి వడ్లు దంచే స్త్రీ, కూలికి దంచే స్త్రీ ఒకే పాట పాడినా అది ఒకే పాట కాదు.

పనిని బట్టి చేసిన వర్గీకరణ (నాట్లు, కలుపు, కోత, ఏతం, మోట) ఈ భేదాన్ని పట్టుకోలేదు. రోజు కూలికి వేసే నాట్లలో పాట నిదానిస్తే ఊరట కూలీది, నష్టం ఆసామిది. ఎకరానికి ఇంతని ముఠా గుత్తకు ఒప్పుకున్నచోట తొందర కూలీలదే అవుతుంది. నిదానం వారి రాబడినే తింటుంది. పాఠం మారకుండానే పాట పక్షం మారింది. గాయనిని అరుగు మీద కూర్చోబెట్టి రాసుకున్న పాఠంలో ఈ మార్పు జాడ ఉండదు. పాఠాంతరాలను నమోదు చేసే శ్రద్ధతోనే ఆ రోజు కూలి ఎవరిచ్చారు, రోజు లెక్కనా గుత్తనా, గట్టున ఎవరున్నారు అన్నవీ గేయం పక్కనే నమోదు కావాలి.