మైక్రోఆంపియర్ల దగ్గర తెలిసే పనితనం

మూడు కాళ్ల రెగ్యులేటర్‌ని పట్టుకుని 'ఏదో ఒకటి పెట్టెయ్' అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నల్లటి ముక్కలో మహామహుల విద్య దాగుంది.

వేడెక్కే పవర్ ట్రాన్సిస్టరూ, వేడికి చలించకూడని రిఫరెన్సూ ఒకే చిప్‌లో ఇమడవని ఒకప్పుడు అనుకునేవారట. 1969 ప్రాంతంలో నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లర్ ఎల్‌ఎం109తో ఇమిడ్చి చూపించాడు. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతలతో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల వోల్టేజిల తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. తగ్గేదానికి పెరిగేదాన్ని తగుపాళ్లలో కలిపాడు. మొత్తం 1.2 వోల్టుల దగ్గర నిలబడిపోయింది! లోపాన్ని లోపంతోనే కొట్టిన ఆ చమత్కారానికి ఎన్ని దండాలు పెట్టినా తనివి తీరదు.

తర్వాత బాబ్ డాబ్కిన్ ఎల్‌ఎం317. దానికి గ్రౌండ్ కాలే లేదు. తాను నడవడానికి వాడుకునే కరెంటును కూడా అవుట్‌పుట్‌కే పంపేస్తుంది. రెండు రెసిస్టర్లు తగిలిస్తే 1.25 నుంచి 37 వోల్టుల దాకా ఏది కావాలంటే అది. ఆ ఘనతలోనే ఒక షరతుంది: అవుట్‌పుట్‌లో ఎప్పుడూ కనీసం 3.5 మిల్లీఆంపియర్లు, కొన్ని ముక్కలకు 10 దాకా, పారుతూ ఉండాలి. బెంచి మీద అది లెక్కలోకి రాదు. బ్యాటరీ మీద ప్రాణాంతకం.

పొలంలో తేమ కొలిచే సెన్సర్ గంటకోసారి లేచి, కొలిచి, మళ్లీ నిద్రపోతుంది. నిద్రలో దానికి కావలసింది కొన్ని మైక్రోఆంపియర్లే. ఇంటివాళ్లు ఊళ్లో లేకపోయినా కాపలావాడికి జీతం ఇవ్వాల్సిందే కదా, రెగ్యులేటర్ తీసుకునే ఆ జీతమే క్వియెసెంట్ కరెంట్. డేటాషీట్‌లో ముందు చూడవలసిన అంకె ఇదే. 7805కి అది దాదాపు 5 మిల్లీఆంపియర్లు, ఏఎంఎస్1117కీ ఇంచుమించు అంతే. 3000 ఎంఏహెచ్ సెల్, సర్క్యూట్ ఏ పనీ చేయకుండానే, 25 రోజుల్లో ఖాళీ! అదే చోట మైక్రోచిప్ వారి ఎంసీపీ1700 1.6 మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీపీఎస్7ఏ02కి 25 నానోఆంపియర్లు చాలు. రెగ్యులేటర్ లోపల అంత తక్కువ కరెంటుతో నడిచే యాంప్లిఫయర్ సహజంగా మందకొడి. సెన్సర్‌లోని రేడియో ఒక్కసారిగా లేచి కరెంటు లాగినప్పుడు వోల్టేజి కుంగకుండా పట్టుకోవడంలోనే ఆ డిజైనర్ల అసలు ప్రతిభ కనిపిస్తుంది.

రెండోది డ్రాపౌట్, అంటే అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ కనీసం ఎంత ఎక్కువ ఉండాలో చెప్పే అంకె. లిథియం సెల్ ఎక్కువ కాలం 3.7 వోల్టుల దగ్గర ఉంటుంది. 3.3 కావాలంటే మిగిలే జాగా 0.4. 1117కి దాదాపు ఒక వోల్టు కావాలి, అంటే మొదటి నుంచీ కుంటినడకే. ఎంసీపీ1700 మామూలుగా 250 మిల్లీఆంపియర్ల దగ్గర కూడా 0.2లోపే సర్దుకుంటుంది. కాకపోతే దాని ఇన్‌పుట్ 6 వోల్టులు దాటకూడదు. 9 వోల్టుల బ్యాటరీ ఉన్నచోట హెచ్‌టీ7333 వాడండి, 12 దాకా తట్టుకుంటుంది.

స్విచింగ్ రెగ్యులేటర్ సామర్థ్యం గురించి వాదించేవాళ్లున్నారు. 9 నుంచి 3.3కి ఇలాంటి లో డ్రాపౌట్ రెగ్యులేటర్ (ఎల్‌డీఓ)తో దిగితే 37 శాతమే దక్కుతుంది, నిజమే. లిథియం సెల్ నుంచి దిగితే దాదాపు 89 శాతం దక్కుతుంది, కాయిల్ లేదు, రొద లేదు. నా ఓటు ఎల్‌డీఓకే.

ఇంత విద్య అందుబాటులో ఉండగా మన ఇంజనీరింగ్ ప్రాజెక్టుల్లో ఇంకా 9 వోల్టుల బ్యాటరీ, దాని వెనక 7805! 'లో పవర్' అని పేరు పెట్టి అమ్మే చవక బోర్డుల మీద 1117, పక్కనే ఎప్పుడూ ఆరని ఎర్ర ఎల్‌ఈడీ! పాత అక్షరాలు రుద్దేసి కొత్త పేరు అచ్చేసిన చిప్‌లు వేరే. ఇది విడ్లర్ వారసత్వానికి అవమానం.

విద్యార్థులారా, చిప్ కొనగానే లోడు లేకుండా మీటరు సిరీస్‌లో పెట్టి మైక్రోఆంపియర్లలో కొలవండి. నకిలీ చాలావరకు అక్కడే దొరికిపోతుంది. అధ్యాపకులారా, నిద్ర కరెంటు ఎంతో రాయని ప్రాజెక్టు రిపోర్టు మీద దయచేసి సంతకం పెట్టకండి.