ముందు తెలుగులో చెప్పమనండి

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే తెలిసిన కాలేజీలవాళ్లు మాక్ ఇంటర్వ్యూలకు పిలుస్తారు. డబ్బులొచ్చే పని కాకపోయినా నాకు వదులుకోబుద్ధి కాదు. ఫైనలియర్ పిల్లలతో కాసేపు ఎదురెదురుగా కూర్చుంటే నాలుగేళ్ల చదువు ఏం నేర్పిందో, ఏం వదిలేసిందో రెండూ బయటపడతాయి.

‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే అందరి నోటా ఒకటే పాఠం. పేరు, ఊరు, నాన్నగారు చేసే పని, ‘మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్’. తప్పు ఒక్కటీ ఉండదు. సొంత మాటా ఒక్కటీ ఉండదు. ‘ప్రాజెక్టులో నువ్వేం చేశావు?’ అని అడిగామా, నోరు పెగలదు.

మొన్న అలా ఆగిపోయిన గుంటూరు కుర్రాడితో, ‘తెలుగులోనే చెప్పు బాబూ’ అన్నాను.

‘మాది మిర్చి యార్డు ప్రాజెక్టండీ. సరుకు తెచ్చిన రైతు తన లాటు వంతు ఎప్పుడొస్తుందో తెలీక పొద్దంతా అక్కడే పడిగాపులు పడతాడు. లాటు నంబరు కొడితే ముందు ఎన్ని లాట్లున్నాయో ఫోన్లో కనపడేలా చేశాం. డేటాబేస్ పని నాదండీ. టేబుల్ పెద్దదయ్యేకొద్దీ వెతకడం లేటయ్యేది. లాటు నంబరు మీద ఇండెక్స్ పెట్టాక సర్దుకుంది.’

సమస్య, తన వంతు పని, ఎదురైన చిక్కు, దాన్ని విప్పిన తీరు అన్నీ వరసగా వచ్చేశాయి. ఇదే ఇంగ్లిష్‌లో అయిదు చిన్న వాక్యాల్లో చెప్పమన్నాను. ఒకచోట టెన్స్ తప్పింది, రెండుచోట్ల తడబడ్డాడు. విషయం మాత్రం పూర్తిగా అర్థమైంది.

కాన్వెంటు చదువులు చదివి గడగడా మాట్లాడేవాళ్లలోనూ చిక్కు ఉంది. ఇండెక్స్ ఎందుకు పెట్టావని అడిగితే డేటాబేస్‌ల ప్రాముఖ్యం మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్లుంటారు. గ్రూప్ డిస్కషన్‌లో పక్కవాడి మాట పూర్తి కానివ్వరు. భాష ఉంది, వినడం లేదు.

1980లోనే మైకేల్ కెనేల్, మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకులు భాషతో విషయాన్ని చేరవేసే సామర్థ్యాన్ని మూడు పాళ్లుగా విడదీశారు. ఒకటి వ్యాకరణం. రెండోది ఎవరితో, ఎక్కడ, ఎలా మాట్లాడాలన్న ఎరుక. మూడోది మాట తట్టనప్పుడు మరో దారిలో విషయాన్ని దాటించే నేర్పు. ‘ఆ పదం గుర్తు రావడం లేదండీ, బొమ్మ గీసి చూపిస్తాను’ అనగలగడం ఈ మూడోదే. మన స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులు చాలావరకు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

అలాగని ఇంగ్లిష్ ఎందుకులెమ్మంటే పల్లెటూరి పిల్లలకు అన్యాయం చేసినట్టే. మనిషి ఎదుట కూర్చోకముందే కంప్యూటర్‌తో మాట్లాడించే కంపెనీలున్నాయి. వెర్సంట్ లాంటి పరీక్షల్లో వాక్యం విని తిరిగి చెప్పాలి, చెదిరిన మాటలను వాక్యంగా కూర్చాలి, చిన్న కథ విని మళ్లీ చెప్పాలి. అక్కడ మిర్చి యార్డు సంగతి ఎవరూ అడగరు. ఆ గడప దాటాలంటే రోజూ ఇంగ్లిష్ చెవిన పడాలి, నోట ఆడాలి. దానికి అడ్డదారి లేదు.

గడప దాటాక మాత్రం లెక్క మారుతుంది. పొద్దున్నే టీమ్ మీటింగ్‌లో నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, పని ఎక్కడ ఆగింది అన్నవి సూటిగా చెప్పాలి. అర్థం కానిదాన్ని జంకకుండా అడగాలి. ఆలస్యమవుతుందనుకుంటే ముందే మెయిల్ పెట్టాలి. యాస ఎంత అందంగా ఉన్నా ఈ పనులు చేసిపెట్టదు.

లెక్చరర్లకు నాదొక విన్నపం. ల్యాబ్‌లో వారానికోసారి ఒక్కొక్కరినీ తాము చేసిన పని గురించి ముందు తెలుగులో, వెంటనే ఇంగ్లిష్‌లో చెప్పమనండి. మిగతావాళ్లను ప్రశ్నలు అడగనివ్వండి. టెన్స్ తప్పితే తర్వాత దిద్దవచ్చు, మధ్యలో ఆపకండి. ఫైనలియర్ దాకా ఆగకుండా ఫస్టియర్ నుంచే మొదలుపెట్టండి.