చెవి వెనుక స్టెతస్కోపు

"రాత్రయితే కుడిచెవిలో ఇంజను నడుస్తుంది బాబూ. గుండె కొట్టుకున్నప్పుడల్లా గుప్పు గుప్పుమంటుంది."

పోయినేడు అమలాపురం వైపు నుంచి వచ్చిన ఒకావిడ అన్న మాట ఇది. అప్పటికే చెవిలో చుక్కలు వేసుకుంది, నిద్రమాత్రలు మింగింది. ఎమ్మారై తీస్తే బాగానే ఉందన్నారు. చివరికి ఇంట్లోవాళ్లు బెంగ అని తేల్చేశారు. నేను ఫ్యాను ఆపించి, చెవి వెనుక ఎముక మీద స్టెతస్కోపు ఆనించాను. నాడి కొట్టినప్పుడల్లా ఉస్సు, ఉస్సు.

"నాకూ వినిపిస్తోందమ్మా" అన్నాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

మెదడును కప్పి డ్యూరా అనే గట్టి పొర ఉంటుంది. అందులో ధమని నేరుగా సిరలోకి తెరుచుకుంటే అది డ్యూరల్ ఫిస్టులా. కోనసీమలో పుట్టినవాణ్ని, నాకది పంట కాలువ గట్టు తెగి నీరు మురుగు కాలవలో పడటంలాగే కనిపిస్తుంది. అక్కడితో ఆగితే మోతే బాధ. చాలామందిని కనిపెట్టి ఉంటే చాలు. డ్రెయిను ఎదురు తన్నిందా, చేలు మునుగుతాయి. రక్తం మెదడు మీది సిరల్లోకి వెనక్కి తన్నితే మూర్ఛ రావచ్చు, నరం చిట్లి ప్రాణం మీదికి రావచ్చు. కొందరికి నెలల్లోనే మతి తప్పుతుంది. వయసు వల్ల అనుకుని వదిలేస్తారు గానీ, గండి పూడిస్తే పోయిన తెలివి తిరిగి రావచ్చు. 1995లో బోర్డెన్ బృందం, కొన్యార్ బృందం వేర్వేరుగా చేసిన వర్గీకరణలు రెండూ చూసేది ముఖ్యంగా ఈ ఎదురు తన్నడాన్నే.

వృత్తిలో చేరిన కొత్తలో ఒకాయన "మోత దానంతటదే పోయిందండీ" అంటే సంతోషించి ఇంటికి పంపాను. నెల తిరక్కుండా మూర్ఛతో తీసుకొచ్చారు. రక్తం బయటికి పోయే దారి మూసుకుపోయి మెదడు వైపు మళ్లింది. అందుకే చప్పుడు ఆగింది. ఆ తప్పు నాదే. మోత ఆగిందని ఎవరు చెప్పినా అప్పటినుంచి మళ్లీ పరీక్ష చేయిస్తాను.

ఖాయంగా తేల్చేది యాంజియోగ్రామే. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మొదటిసారి బతికున్న మనిషి మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపించాడు. ఇప్పుడు మణికట్టు నుంచో తొడ నుంచో గొట్టం పంపి రంగుమందు ఎక్కిస్తాం. మామూలుగా ముందు ధమనులు కనిపిస్తాయి, కొన్ని సెకన్ల తరువాత సిరలు. ధమనులతో పాటే ఒక సిర తేలిందంటే గండి అక్కడే. ఆవిడకి చెవి వెనకున్న పెద్ద సిర అలాగే తేలింది, పక్కనున్న మెదడు సిరల్లోకి రక్తం ఎదురెక్కుతోంది.

1809లో లండన్‌లో బెంజమిన్ ట్రావర్స్, కంటి వెనుక ఇలాంటి గండి ఉన్న రోగికి మెడలోని ధమనిని కట్టేశాడు. అప్పటికది సాహసమే. కానీ ఎగువన లాకులు దించితే గండి పూడదు. పక్క బోదెల నీళ్లు మళ్లీ అక్కడికే చేరతాయి. అందుకే ఇప్పుడు చాలా సన్నని గొట్టాన్ని గండి దాకా నడిపిస్తాం. ఓనిక్స్ అనే నల్లటి మందు చుక్క చుక్కగా వదలడం, ఆగడం, ఎటు పాకుతోందో తెర మీద చూడడం, మళ్లీ వదలడం. సిర మొదలును మూసేదాకా పోవాలి. తొందరపడితే కంటికి పోయే నాళంలోకి జారి చూపు పోవచ్చు. ఈ పనిలో చెయ్యి నేర్చుకోవలసిన అసలు విద్య ఆగడమే అని నా నమ్మకం.

ఆవిడకి మూడు గంటలు పట్టింది. మర్నాడు గదిలోకి వెళ్తే వెల్లుల్లి వాసన. మందును కరిగించే డీఎంఎస్ఓ ఊపిరిలో బయటికొస్తే ఒకటి రెండు రోజులు అలాగే ఉంటుంది. "ఇంజను ఆగింది బాబూ" అంది. ఆరు నెలలకి మళ్లీ యాంజియోగ్రామ్ చేశాం. గండి పూర్తిగా మూసుకుంది.

చెవిలో హోరు ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. మీకు మోత వినిపిస్తుంటే మణికట్టు మీద వేలు పెట్టి చూడండి. నాడితో కలిసి మోగుతుంటే డాక్టరుకి సరిగ్గా ఆ మాటే చెప్పండి. చెవి వెనుక స్టెతస్కోపు పెట్టమని అడగండి.