బహుమతుల పట్టికలో ఖాళీలు

బందరులో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు హిందీ చిత్రాల బహుమతి ప్రదానోత్సవంతో ఏమి పని అని మిత్రులు అడగవచ్చు. ఏటేటా ఆ ఫిల్మ్‌ఫేర్ ముచ్చట మా తరగతి గది దాకా వస్తూనే ఉంది. ఈసారి నాగాయలంక వైపునుంచి వచ్చే కౌలురైతు కొడుకు ఒకడు లేచి, “రైతు వేషం వేసినవాడికి బహుమతి వస్తుంది. రైతుకేమొస్తుంది మాస్టారూ?” అన్నాడు. నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదది.

1954 మార్చి 21న బొంబాయి మెట్రో థియేటరులో జరిగిన తొలి ఉత్సవంలో అయిదే బహుమతులు: చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, సంగీత దర్శకుడు. మొదటి రెండూ బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ వల్ల వచ్చినవే. జమీందారు కబళించబోయిన రెండు బీఘాల నేల నిలుపుకునేందుకు కలకత్తా వీధులలో రిక్షా లాగిన రైతు కథ అది. అభ్యుదయవాదులు హర్షించదగిన తీర్పే. అయితే ఆ కథ రాసిన సలీల్ చౌధురికి ఏమీ దక్కలేదు. కారణం, కథకు అసలు పద్దే లేదు. అది మరుసటి ఏడు గాని ఏర్పడలేదు.

పాటకు మరీ ఆలస్యం. 1957లో ‘చోరీ చోరీ’ సంగీతానికి శంకర్ జైకిషన్‌లను సత్కరిస్తూ, అందులోని పాట సభలో పాడమంటే లతా మంగేష్కర్ నిరాకరించారు. గాయకులకూ కవులకూ చోటు లేని సభలో ఎందుకు పాడాలన్నది ఆమె వాదన. 1959లో ఆ రెండు పద్దులూ వచ్చాయి. తొలి గ్రహీతలు లతా, శైలేంద్ర.

ఇందులోని న్యాయం గుడివాడ ప్రాంతంవారికి వేరే చెప్పాలా? అక్కినేని, నందమూరి ఇద్దరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవారే. తెరమీద వారు పెదవి కదిపితే, ఎన్నో పాటలలో మనం విన్నది చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతు.

దివిసీమ వైపు తిరిగితే చిక్కు మరింత లోతు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందారీ దౌష్ట్యాన్ని ఎండగట్టిన ఆ చిత్రం నిర్మించిన సారథి సంస్థకు వెన్నుదన్ను చల్లపల్లి జమీందారు! ఆనాటికి ఇటువంటి ఉత్సవమే ఉండి, ‘రైతుబిడ్డ’ ఉత్తమ చిత్రమని ఎంచితే ప్రతిమ ఎవరి చేతికి వెళ్ళేది? ఉత్తమ చిత్రం బహుమతి నిర్మాతది గదా! రైతు కన్నీటికి జమీందారు సన్మానం అందుకునేవాడన్నమాట.

అంతమాత్రాన ‘రైతుబిడ్డ’ విలువ తగ్గదు. పెట్టుబడి ఎవరిదైనా, కళాకారుని చూపు ప్రజల పక్షాన నిలవగలదని అదే నిరూపించింది. బహుమతులన్నీ బూటకమని కొట్టివేసే మిత్రులతోనూ నేను ఏకీభవించను. బూటకమే అయితే లత అడగవలసిన పని లేదు. పట్టిక మనుషులు రాసినది; మనుషులు అడిగితే మారింది. కనుక గెలిచినవారి పేర్లతోపాటు, ఇంకా తెరవని పద్దులను కూడా విమర్శకుడు చదవాలి.

ఇక మా విద్యార్థి ప్రశ్న. బహుమతివల్ల రైతుకేమీ రాదు, ఆ మాట దాచనక్కరలేదు. మంచి చిత్రంవల్ల మాత్రం ఒకటి రావచ్చు: తన దుఃఖం తలరాత కాదనీ, దానికి కారకులున్నారనీ తెలియవచ్చు. ఆ పని చేసిందా లేదా అన్నదే చిత్రానికి మనం పెట్టవలసిన పరీక్ష.