నోట్లో పారే వాగు

పటాన్‌చెరులో కెమికల్ అన్న మాటకు నిఘంటువు అక్కర్లేదు. రాత్రి రెండింటికి కిటికీ సందులోంచి దూరి గొంతులో కూర్చునే వాసన అది. నక్కవాగు మీది నురగ అది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరీక్షలో, ఇక్కడి మందుల ఫ్యాక్టరీల మురుగు శుద్ధికేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో ఉండేదానికంటే ఎక్కువ. ఆ నీళ్లు వాగులో కలిశాయి, వాగు మంజీరలో కలిసింది.

ఆ నేల మీద పుట్టిన పిల్ల సంగారెడ్డికి వచ్చి, పళ్లు శుభ్రం చేసే విద్యలో చేరి, మొదటి రోజు కెమిస్ట్రీ క్లాసులో లేచి నిలబడింది. "మేడం, కెమికల్ అంటే మా ఊర్ల వచ్చే వాసననే గదా. గది మాకెందుకు?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు నేనివ్వాల్సిన జవాబే ఇది.

బిడ్డా, నీ పన్ను కెమికల్. కాల్షియం పది, ఫాస్ఫేట్ ఆరు, హైడ్రాక్సిల్ రెండు. పైకి అనుకుని చూడు, ఎక్కం లాగా ఉంటుంది. హైడ్రాక్సీ అపటైట్ అని దాని పేరు. పంటి మీది ఎనామిల్‌ తూకంలో నూటికి 96 పాళ్లు ఈ ఖనిజమే. ఒంట్లో దీనికంటే గట్టిది ఇంకోటి లేదు. అయినా ఎంత ఒంటరిది! ఎముక విరిగితే అతుక్కుంటుంది, తోలు చీరితే మానుతుంది. ఎనామిల్‌ను కట్టిన కణాలు మాత్రం పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికే పని ముగించుకుని రాలిపోతాయి. తర్వాత పెచ్చు ఊడితే మళ్లీ కట్టడానికి మేస్త్రీ ఉండడు.

ఆ ఫాస్ఫేట్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అందులో మనవాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫేట్‌లోని భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. మాలిబ్డేట్ చేర్చి, క్షయకరణం చేస్తే ద్రవం నీలమవుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత. పరీక్షనాళికలో ఆ నీలం పుట్టినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నీ పంట్లో ఉన్నది, నీ నెత్తుట్లో ఉన్నది, ఎరువు బస్తాలో ఉన్నది అంతా ఒకే భాస్వరమని ఆ రంగు చెబుతుంది.

మన తెలుగుకు ఈ కెమిస్ట్రీ ముందే తెలుసేమో! చెరువు మెట్ల మీద కాలు జారేది పాచి. పొద్దున్నే లేవగానే పంటి మీద నాలుకకు తగిలేదీ పాచే. రెండుచోట్లా అదే సంగతి. సూక్ష్మజీవులు గుంపుగా చేరి, జిగురు నేసుకుని, తడి రాతికి అంటుకుని బతుకుతాయి. ఇక గార. పాత కోట గోడకు మెత్తిన సున్నమూ గారే, పంటి మొదట్లో పచ్చగా గట్టిపడ్డదీ గారే. పాచిలోకి కాల్షియం, ఫాస్ఫేట్ ఇంకి రాయిగా మారితే ఇక బ్రష్షుకు లొంగదు, స్కేలర్ పట్టాల్సిందే. బిడ్డా, నీ చేతికి రాబోయే పనిముట్టు అదే.

పచ్చి చింతకాయ కొరికితే పళ్లు పులిశాయంటాం. పాచిలోని స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ చక్కెర తిని ల్యాక్టిక్ ఆమ్లం వదిలినప్పుడు పన్ను నిజంగానే పులుస్తుంది. పీహెచ్ ఏడు నుంచి అయిదున్నరకు దిగిందంటే పులుపు ముప్పై రెట్లు దాటి పెరిగినట్టు. ఆ అయిదున్నర గడప దాటితే హైడ్రోజన్ అయాన్లు ఫాస్ఫేట్‌నీ హైడ్రాక్సిల్‌నీ లాక్కుంటాయి, కాల్షియం దిక్కులేనిదై కొట్టుకుపోతుంది. పిప్పిపన్ను పుట్టేది అక్కడే.

అప్పుడు వస్తావు నువ్వు, లాలాజలమా!

నిన్ను ఉమ్మి అన్నారు, ఎంగిలి అన్నారు, చొంగ అని తుడిచేశారు. దవడల కింద, చెవుల ముందు, నాలుక అడుగున నీ ఊటలు. రోజుకు లీటరుకు అటూ ఇటూగా పారతావు. చప్పుడుండదు. నీలోని బైకార్బనేట్ పులుపును ఒడిసిపట్టి నీళ్లుగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొడుతుంది. గోళీసోడా కొట్టగానే బుసకొట్టే గాలే, నోట్లో మాత్రం ఎవరికీ వినబడకుండా వెళ్లిపోతుంది. ఆ తర్వాత నువ్వు మోసుకొచ్చిన కాల్షియాన్నీ ఫాస్ఫేట్‌నీ పోయినచోట మళ్లీ పేరుస్తావు. లేని మేస్త్రీ పనిలో కొంత నువ్వు చేస్తావు. నిద్రలో సన్నగిల్లుతావు. అందుకే రాత్రి తోముకోమని ప్రతి రోగికీ చెప్పాలి బిడ్డా, విసుగు పడకుండా చెప్పాలి. నక్కవాగులోనూ మంజీరలోనూ పులుపును తట్టుకునే ఓర్పు కూడా ఈ బైకార్బనేటే. వాగులకైనా నోటికైనా ఆ ఓర్పుకు ఒక కొలత ఉంది.

కొలత అంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. హైడ్రాక్సిల్ లేచిన పీట మీద ఫ్లోరైడ్ కూర్చుంటే పన్ను ఇంకా గట్టిపడి, పీహెచ్ నాలుగున్నర దాకా పులుపును తట్టుకుంటుంది. కానీ తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే అదే ఫ్లోరైడ్ పెరిగే పిల్లల పళ్ల మీద గోధుమ చారలు గీస్తుంది, ఇంకా మించితే వెన్ను వంచుతుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరే దానికి అంటుకుపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతికి కూడా ఆ ఊరి పేరే పెట్టారు. గాయమూ మందూ ఒకే పేరుతో ఉన్నాయి.

నిన్న ల్యాబులో పిల్లలకు తలా ఒక బెల్లం ముక్క ఇచ్చాను. అంతకుముందే పంటి మీది పాచిని గీరి పీహెచ్ కాగితానికి రాయించాను, ఆకుపచ్చగా ఉంది. తిన్న కాసేపటికి మళ్లీ గీరితే నారింజకు తిరిగింది. తర్వాత ఎదురుచూశాం. 1940ల్లో స్టీఫన్ అనే శాస్త్రవేత్త గీసిన పీహెచ్ గీత ఇదేనని చెప్పాను. పీహెచ్ నిమిషాల్లో దిగుతుంది, తేరుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ముప్పావుగంటకు కాగితం మెల్లగా పచ్చబడింది. ఆ పిల్ల కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"మా నాయిన యాసిడ్ దగ్గర పని చేస్తడు మేడం. ముందట పండ్లు సగమైనయి. గుట్కా తినడు, పాన్ తినడు. ఎందుకైనయో ఎవ్వలకు తెల్వలె."

ఆమ్లపు ఆవిరి గాలిలో ఉన్నచోట మాట్లాడుతూ ఊపిరి తీస్తే పెదవి కప్పని పళ్లే ముందు కరుగుతాయని, బ్యాటరీ కర్మాగారాల కార్మికుల్లో వైద్యులు చూసిందే అని చెప్పాను. మూతికి సరైన మాస్కు, పళ్లకు డాక్టరు, రెండూ కావాలన్నాను. పులుపు తగిలిన వెంటనే బ్రష్ పెడితే మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతుందనీ అన్నాను.

మధ్యాహ్నం వరండాలో ఆ పిల్ల ఫోన్లో గట్టిగా మాట్లాడుతోంది, అవతల ఏదో యంత్రం మోగుతున్నట్టుంది. "నాయినా, షిఫ్టు దిగంగనే పండ్లు తోమకు. మొదలు నీళ్లు పుక్కిలించు. ఇంట్ల వంటసోడా ఉంటది గదా, జరంత నీళ్లల్ల కలుపుకొని మళ్ల పుక్కిలించు. గంట ఆగినంక తోముకో... కెమికలే నాయినా, గానీ మంచిది. నేను పొద్దుమూకి వచ్చి చెప్త."