పరిసయ్యుల పక్కన కూర్చుని చదివితే

మార్కు సువార్త 12వ అధ్యాయంలో ఒక శాస్త్రి యేసు దగ్గరికి వచ్చి, ఆజ్ఞలన్నిటిలో ముఖ్యమైనది ఏదని అడుగుతాడు. యేసు జవాబు పూర్తిగా యూదుల ధర్మశాస్త్రంలోదే: దేవుణ్ణి ప్రేమించమన్న ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞ, పొరుగువాణ్ణి ప్రేమించమన్న లేవీయకాండపు ఆజ్ఞ. శాస్త్రి బాగా చెప్పావంటాడు, యేసు అతన్ని మెచ్చుకుంటాడు. మత్తయి 22వ అధ్యాయంలో ప్రశ్న అదే, జవాబూ అదే. కానీ అడిగేవాడు పరిసయ్యుల వైపు నుంచి యేసును శోధించడానికి వస్తాడు. మెచ్చుకోలు ఎక్కడా ఉండదు.

క్రైస్తవ మూలాలను పరిశోధించేవారు మొదట ఇలాంటి తేడాలను పట్టుకుంటారు. సువార్తలను పక్కపక్కనే పెట్టి మాట మాటా పోలుస్తారు. తర్వాత కాలం చూస్తారు. పౌలు ఉత్తరాలు చాలావరకు క్రీ.శ. 50ల నాటివి. మార్కు 70 ప్రాంతంలో, మత్తయి ఆ తర్వాత ఒకటి రెండు దశాబ్దాలకు రాశారని ఎక్కువమంది పండితుల అంచనా. 70లో రోమన్ సైన్యం యెరూషలేము ఆలయాన్ని కూల్చింది. ఆలయం పోయాక యూదులకు దారి చూపేదెవరన్న ప్రశ్న లేచింది. పరిసయ్యుల బాటలో నడిచిన బోధకులు ఒకవైపు, యేసును మెస్సీయగా నమ్మిన యూదులు మరోవైపు నిలబడ్డారు. మత్తయిలో పరిసయ్యుల మీద కనిపించే తీవ్రతలో చాలాభాగం ఈ అన్నదమ్ముల పోరు నాటిదని పండితులు వివరిస్తారు.

రెండో పని, బయటి సాక్ష్యాన్ని పిలవడం. విశ్రాంతి దినాన గొర్రె గుంటలో పడితే మీరు పైకి తీయరా అని మత్తయి 12లో యేసు అడుగుతాడు. తీస్తారన్నది ఆయన నమ్మకం. అయితే మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహల్లో 1947 నుంచి బయటపడిన గ్రంథపు చుట్టల్లో దమస్కు పత్రం అనే యూదు శాఖ నియమావళి ప్రతులున్నాయి. ఆ రోజున గుంటలో పడిన పశువును తీయకూడదన్నది ఆ పత్రం నియమం. అంటే ఇది యూదుల మధ్య నిజంగా నడుస్తున్న వాదం. అందులో యేసు ఒక పక్షాన మాట్లాడుతున్నాడు. ప్రాణం కాపాడటం విశ్రాంతి దినం కన్నా మిన్న అని రబ్బీల బోధల సంకలనమైన మిష్నా కూడా చెబుతుంది. కానీ మిష్నాను కూర్చింది 200 ప్రాంతంలో. అందులోని ప్రతి మాటా యేసు కాలానిదేనని అనుకోకూడదు. ఈ జాగ్రత్త లేకపోతే పరిశోధన ఊహగా మారిపోతుంది.

మూడో పని, నేల చెప్పే సాక్ష్యం వినడం. కానా పెళ్లిలో ఆరు రాతి బానలున్నాయని యోహాను రాశాడు. రాతికి మైల అంటదన్నది యూదుల ఆచారం. అలాంటి రాతి పాత్రలు యెరూషలేములోనూ గలిలయలోనూ తవ్వకాల్లో విరివిగా దొరికాయి. 2009లో గలిలయలోని మగ్దలలో మొదటి శతాబ్దపు సమాజ మందిరం బయటపడింది. అందులోని ఒక రాతి మీద ఏడు కొమ్మల దీపస్తంభం చెక్కి ఉంది.

ఈ విద్య లేనప్పుడు జరిగిన అనర్థం చిన్నది కాదు. రెండో శతాబ్దంలో మార్కియోను అనే క్రైస్తవ బోధకుడు హెబ్రీ గ్రంథాలను మొత్తంగా తోసిపుచ్చాడు. 1939లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో సంఘ జీవితం నుంచి యూదుల ప్రభావాన్ని తుడిచేయడానికే ఒక సంస్థ పెట్టి, పండితులే దాన్ని నడిపారు. ఆ చీకటి తర్వాత 1965లో రెండవ వాటికన్ మహాసభ, యేసు మరణానికి యూదులందరినీ నిందించకూడదని ప్రకటించింది. పండితుడు గెజా వెర్మేష్ 1973లో యేసును గలిలయ యూదుడిగా చూపుతూ పుస్తకం రాశాడు. ఇ.పి. సాండర్స్ 1977లో, ధర్మశాస్త్రాన్ని పాటించడం ఆనాటి యూదులకు రక్షణను కొనుక్కునే బేరం కాదని, దేవుని నిబంధనకు వారిచ్చే స్పందన అని వాదించాడు.

మన తెలుగు ప్రసంగాల్లో పరిసయ్యుడంటే వేషధారి అన్న అర్థమే స్థిరపడింది. కానీ హేరోదు చంపజూస్తున్నాడని యేసును హెచ్చరించినవారు పరిసయ్యులేనని లూకా 13 చెబుతోంది. అపొస్తలుల ప్రాణాలు నిలిపిన గమలీయేలు కూడా పరిసయ్యుడే. ఈ వచనాలు మన బైబిళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని దాటవేయకుండా చదివిన విశ్వాసికి యేసు దూరం కాడు. ఆయన ఎవరితో, ఎందుకు, ఎంత ఆప్యాయంగా వాదించాడో తెలుస్తుంది. పక్కవారి మతాన్ని కించపరచకుండానే తన విశ్వాసాన్ని చెప్పుకునే బలమూ వస్తుంది.