మెరవని ఇత్తడి

ఇత్తడి అంటే తళతళలాడాలి. మా ఊరు ధూళిమిట్టలో ఏ ఇంట్లోనైనా అదే లెక్క. పండుగ దగ్గర పడితే బిందెలు, చెంబులు చింతపండుతో తోమి ఎండలో బోర్లిస్తారు. చూస్తే కళ్లు చెదరాలి. నా మనసు మాత్రం మెరుపు తగ్గిన ఇత్తడి మీదికి పోయింది. వెలుతురు ఒక్కచోట తళుక్కుమనకుండా వస్తువు ఒళ్లంతా పరుచుకునే మెత్తని పసుపు అది. మెరుగుపెట్టే బఫింగ్ చక్రంతో అది రాదు. సన్నని గాజు పూసలను గాలి ఒత్తిడితో లోహం మీదికి చిమ్మితే వస్తుంది. బీడ్ బ్లాస్టింగ్ అంటే ఇదే. ఇంటి వెనక రేకుల షెడ్డులోనూ చేసుకోవచ్చు. కాకపోతే ముందు ఊపిరి సంగతి చూసుకోవాలి.

గాజు పూసలకు డబ్బు పెట్టాలి, వాగులో ఇసుక ఊరికే దొరుకుతుంది. అందుకే మొదలుపెట్టేవాళ్ల చెయ్యి ముందు ఇసుక మీదికే పోతుంది. దయచేసి ఆ పని చేయకండి. ఇసుక చిమ్మే పద్ధతికి 1870లో అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఆ పని చేసినవాళ్ల ఊపిరితిత్తులు చెడిపోవడం చూసి బ్రిటన్ 1949లో బ్లాస్టింగ్‌లో ఇసుక వాడొద్దని నిబంధన తెచ్చింది. ఇసుక రేణువు పగిలితే కంటికి ఆనని సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో దిగితే మళ్లీ బయటికి రాదు. ఇలా వచ్చే సిలికోసిస్ అనే జబ్బును నయం చేసే మందు ఇప్పటికీ లేదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టం తప్పనిసరిగా సర్కారుకు తెలపాల్సిన జబ్బుల జాబితాలో దాన్నీ చేర్చింది. జీన్స్ ప్యాంట్లకు పాతబడ్డ రంగు తేవడానికి ఇసుక చిమ్మిన టర్కీ కుర్రాళ్లు ఈ జబ్బుతో చనిపోయాక, 2009లో ఆ దేశం ఆ పనిని నిషేధించింది. ఒక ప్యాంటు రంగు కోసం పోయిన ప్రాణాలవి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

గాజు పూసల్లో ఇసుకలో ఉండే రకం సిలికా దాదాపు ఉండదు. అలాగని దుమ్ము లేదనుకోవద్దు. పగిలిన గాజు, పాత రంగు, తుప్పు అన్నీ లేస్తాయి. చాలా రకాల ఇత్తడిలో కొంచెం సీసం కూడా కలిసి ఉంటుంది. అందుకని ఆరుబయట చిమ్మడం కాదు, మూసిన పెట్టె కావాలి. ముందు అద్దం, చేతులు దూర్చడానికి రెండు రబ్బరు తొడుగులు, లోపల దీపం, దుమ్ము లాగే గొట్టం ఉండాలి. ముఖానికి మంచి మాస్కు ఉండాలి. తలుపు తీసే ముందు దుమ్ము అణిగేదాకా ఆగాలి. పిల్లలు ఆడుకునే వాకిట్లో ఈ పెట్టె పెట్టనే వద్దు.

పూసలు చిమ్మే గన్ కొనడం తేలిక. గాలి సరిపోవడమే కష్టం. పంక్చరు షాపుల్లో కనిపించే 2 హెచ్‌పీ కంప్రెసర్ నిమిషానికి సుమారు 7, 8 ఘనపుటడుగుల గాలి ఇస్తుంది. గన్ మూతికుండే 3 మిల్లీమీటర్ల నాజిల్ 60 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర దాదాపు దానికి రెట్టింపు లాగేస్తుంది. కొద్దిసేపు చిమ్మి, ట్యాంకు నిండేదాకా ఆగి, మళ్లీ చిమ్మాలి. చిన్న వస్తువులకు ఆ మాత్రం చాలు. వానాకాలంలో ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. రోజూ వదిలేయకపోతే పూసలు తడిసి ముద్దకట్టి గన్ మూసుకుపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పూస చేసే పని. ఇసుక లోహాన్ని కోస్తుంది. గుండ్రటి పూస కోయదు, కొడుతుంది. కొట్టిన ప్రతిచోటా కంటికి ఆనని చిన్న గుంట పడుతుంది. కంసాలి సుత్తి చేసే పనే ఇది, కాకపోతే లక్షల చిన్న సుత్తులతో. దెబ్బ తిన్న వైపు సాగుతుంది. అందుకే పల్చటి రేకును ఒకవైపే కొడితే ఆ వైపు ఉబ్బి వంగిపోతుంది. ఇంజనీర్లు ఆ వంపును కొలిచి దెబ్బ బలం ఎంతో చెబుతారు. ఇంట్లో చేసేవాళ్లకు దీంట్లో తెలుసుకోవాల్సిందొకటే. రేకయితే ఒత్తిడి 40 పీఎస్ఐకి మించనీయకుండా రెండు వైపులా తేలిగ్గా కొట్టాలి. గన్‌ను ఆరంగుళాల దూరంలో, కొంచెం వాలుగా పట్టి, ఎక్కడా ఆపకుండా కదిలిస్తూ ఉండాలి. పాత గీతలు, సొట్టలు దీంతో పోవు. ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని ముందే ఎమరీ కాగితంతో రుద్దుకోవాలి. జిడ్డు కడిగి ఆరబెట్టాలి.

ఇనుము మీద వాడిన పూసలను ఇత్తడి మీద, స్టెయిన్‌లెస్ స్టీలు మీద వాడొద్దు. ఇనుప రజను అంటుకుని కొన్నాళ్లకు తుప్పు మచ్చలు లేస్తాయి. వాడిన పూసలను జల్లించి పగిలినవి పారేయాలి. కొట్టిన ఇత్తడిని వట్టి చేతులతో ముట్టుకుంటే వేలిముద్రలు పడి నల్లబడతాయి. అందుకే గ్లవుజులతోనే పట్టుకుని పల్చగా లక్కర్ పూత కొట్టేయడం మంచిది.

జనగామ నుంచి హైదరాబాదు దారిలో కొద్ది దూరం పోతే పెంబర్తి వస్తుంది. రేకును వెనక నుంచి కొట్టి పూలు, హంసలు, దేవతా మూర్తులు పైకి లేపే విశ్వకర్మలది ఆ ఊరు. ఆ రేకులను చూసినప్పుడల్లా నాకొక ఆశ పుడుతుంది. లేచిన పూవు మీద టేపు అతికించి చుట్టూ ఉన్న రేకు మీద మాత్రం పూసలు చిమ్మితే, ఆ రేకు మెరుపు తగ్గి పూవు ఒక్కటే మెరుస్తుంది. రేకు వంగకుండా తక్కువ ఒత్తిడితో, వెనక ఆనిక పెట్టి చేయాలి. ఇంట్లో చిన్న ఇత్తడి పలక మీద నేను చేసుకునేది ఇదే. కొత్తవాళ్లకు నేను చూపించేదీ ఇదే. పెంబర్తిలో పది కుటుంబాలు కలిసి వాడుకునే పెట్టె ఒకటి, దానికి సరిపడే 5 హెచ్‌పీ కంప్రెసర్ ఒకటి ఉంటే, అక్కడి చేతుల్లో ఈ పని ఎటు పోతుందో చూడాలని ఉంది.